వంతెన దాకా

పర్లాకిమిడిలో తెల్లారడమంటే
ముందు గంజి వాసన తెల్లారడం.
ఏ వీధిన పరిగెత్తినా
ఎవరింటి ఎసరో మొహానికి తగుల్తుంది.
నేను రైస్‌మిల్లులో కాటా గుమాస్తాని.
పగలంతా బియ్యం తూస్తాను,
రాత్రి రెండు గుడ్లు తిని పడుకుంటాను.

లెక్క నాకు అలవాటు, అందుకే చెప్తున్నాను:
పందొమ్మిది రోజులు.
అన్నం లేదు, అట్టు లేదు,
బస్టాండు దగ్గర బరా ఘుగుని లేదు.
నెత్తుట్లో చక్కెర మూడొందల పన్నెండని రాసిన చీటీ
కాటా బల్ల అద్దం కింద పెట్టుకున్నాను,
సంతకం చెయ్యని రసీదులా.

పరుగు మానమని డాక్టరు అనలేదు.
అన్నా మానేవాణ్ణి కాదు.
ఇరవై రెండేళ్ళుగా మా వీధి చివర నుంచి
మహేంద్రతనయ వంతెన,
వంతెన దాటి ఆంధ్రాలోకి,
పాతపట్నం రైలుగేటు అరచేత్తో తాకి వెనక్కి.
రెండు రాష్ట్రాలూ ఒక్క బనీను చెమటలో.
గేటుమేన్లు మారారు, చిన్నబండి పట్టాలు పెద్దవయ్యాయి,
నేను గేటు తాకడం మారలేదు.

ఇప్పుడు మైలు దాటకుండానే
కాళ్ళు తడిసిన గోనెలు.
నొప్పి కాదు. నొప్పయితే తిట్టుకోవచ్చు.
లోపలెవరో లాంతరు వత్తి కిందికి తిప్పినట్టు
దీపం ఉంటుంది, దారి కనపడదు.
మొన్న బడి గోడ పక్కన కూలబడిపోతే
పాలబ్బాయి సైకిలాపి "కణ హెలా?" అన్నాడు.
ఏమైందో చెప్పడానికి
ఒరియాలోనూ తెలుగులోనూ వెతుక్కున్నాను.
అప్పటికి వాడు వెళ్ళిపోయాడు.

సుభాసిని నా ఎదుట పొఖాళొ తినడం మానేసింది.
వంటింటి తలుపు వెనక తింటుంది,
మినప వడియం విరిగిన చప్పుడు దాచలేక.
ఒక మధ్యాహ్నం నేనే వెళ్ళి పీట వాల్చుకుని కూర్చున్నాను.
"నీ ఇంట్లో నీకు దొంగతిండేమిటి?" అన్నాను.
చెయ్యి నీళ్ళన్నంలోనే ఆగిపోయింది కాసేపు.
తర్వాత తింది. కాస్త ఎక్కువే తింది.
నేను వేరుశనక్కాయలు వలుచుకున్నాను.

మిల్లులో తవిటయ్య అని ఒక కలాసీ,
రోజుకి నూట యాభై బస్తాలు వీపు మీద.
పురిట్లో చచ్చిపోతాడని భయపడి
తవుడిచ్చి కొన్నారట, ఆ పేరు.
నేను కాటా పట్టుకుని తూలడం చూశాడు.
"ఉప్పు తింతన్నారేటి, బావూ?"
ఉప్పేమిటి?
"అన్నం ఎల్లిపోతే దానెనకాల
పచ్చడెల్లిపోద్ది, సారెల్లిపోద్ది.
మరి ఉప్పు దేంతో తింతారు?
సెమట మాత్రం కారబెట్టుకుంతన్నారు."
మొలగుడ్డ ముడి విప్పి
ఉప్పురాయి ఒకటి నా అరచేతిలో పెట్టాడు,
దాని అంచున అతని వేలిముద్ర నల్లగా.

ఆ సాయంత్రం నుంచి ఉప్పూ నిమ్మకాయా నీళ్ళు,
చారు గ్లాసుతో,
పల్లీల్లో కాసిన్ని ఉప్పుకల్లు.
తెల్లారి లేచి పరిగెత్తానని అనను,
పరుగుకి చెల్లెలు లాంటిదేదో చేశాను.
వాకింగు పెద్దలు నన్ను దాటిపోయారు.
మంకీ టోపీ ఆయన వెనక్కి తిరిగి
నా మోకాళ్ళ మీద జాలిపడ్డాడు.
ఒళ్ళు మండిపోయింది.
అయినా పెంచలేదు వేగం.
పాత పొయ్యి ఆరింది, కొత్త కట్టె ఇంకా పచ్చిది,
ఊదుకుంటూ పోవాలి.

ఇరవై ఆరో రోజు వంతెన మధ్యదాకా వెళ్ళాను.
రాష్ట్రం మారే చోట తారు రంగు మారుతుంది,
అక్కడ ఆగాను.
కింద ఏరు సన్నగా ఉంది,
ఇసకలో ఎవరిదో ఒంటి చెప్పు.
గేటు అవతలెక్కడో రైలు కూసింది.
నన్ను పిలిచినట్టే అనిపించింది గానీ
వెనక్కి తిరిగాను.
గంజి వాసన ఎదురొచ్చింది.
ఆకలేసింది,
చాలా రోజుల తర్వాత మామూలు ఆకలి.

తొమ్మిదింటికి మొదటి బస్తా.
యాభై కిలోల రెండొందల గ్రాములు.
గోనె బరువు తీసేసి రాసుకోవాలి.
తవిటయ్య నవ్వి, నన్నూ ఎక్కమన్నాడు కాటా మీదికి.
ఎక్కాను.
అంకెలు ఇంకా కదుల్తున్నాయి.
ఆగాక రాస్తాను.