ఊఁ

ఏటుకూరు రోడ్డు, కోల్డ్ స్టోరేజీ ఆఫీసు గది.
కోటిరత్నం గారి కంప్యూటర్లో పచ్చటి బటన్ ఒకటి
నేనే పెట్టాను: సరుకు విడుదల.

ఆమె చూపుడువేలికి అదొక టిక్కు.
టిక్కుకి అవతల ఏముందో నాకు తెలుసు,
రాసింది నేనే గనక.
లాట్ నంబరు సరిచూడాలి, అద్దె బాకీ లెక్కగట్టాలి,
ఎక్కడో ఇంకో చల్లటి గదిలో ఉన్న సర్వరు
ఖాతాలో ఒక వరస రాసుకుని
గేటు దగ్గరి ప్రింటర్ని తట్టి లేపాలి.
చీటీ వస్తుంది: మూడో ఛాంబరు, నాలుగో అంతస్తు, నలభై బస్తాలు.
అక్కడితో నా కోడ్ అయిపోయిందనుకున్నాను.

మే నెల. బయట నలభై నాలుగు, లోపల నాలుగు.
ఆ పూట నెట్ నత్తనడక.
కోటిరత్నం గారు నొక్కారు. పేజీ ఉలకలేదు.
మళ్లీ నొక్కారు. పలకలేదు.
చెవుడు నటించే మనిషిని పిలిచినట్టు
పంతం పట్టి, ఏడుసార్లు.

తెర మీద ఏమీ జరగలేదు.
జరిగిందంతా తెర వెనకే.

దేవసహాయం తలకు గోనెపట్టా చుట్టుకుని
మొదటి చీటీకి నలభై బస్తాలూ దించాడు.
రెండో చీటీకి మళ్లీ లోపలికెళ్లాడు,
తన భుజమే బయటికి మోసిన బస్తాల కోసం
మసక వెలుతుర్లో వరస వరసా తడుముతూ.
మూడో చీటీకీ వెళ్లాడు.
అచ్చయిన కాగితం తప్పు చెబుతుందని ఆయనకెవరూ చెప్పలేదు.
నాలుగోది పట్టుకుని నా దగ్గరికొచ్చేసరికి
పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.
"అమ్మాయ్, పైనుంచి బస్తా వదిలేటప్పుడు
కిందోడు ఊఁ అనందే మేం చెయ్యి తియ్యం.
నీ మిషను ఊఁ అనదా?"

ఆ రాత్రి రెండు ముక్కలు రాశాను.
లోపల: ఈ చీటీ ముందే ఇచ్చామా? ఇస్తే ఊరుకో.
బయట: వేలు పడగానే బటన్ బూడిదరంగుకి తిరిగి
ఊఁ అంటుంది.
"ప్రాసెసింగ్ అని పెట్టరాదా, పద్ధతిగా ఉంటుంది" అన్నారు ఓనరు.
పెట్టలేదు.

కోటిరత్నం గారు ఇప్పటికీ రెండుసార్లు నొక్కుతారు, అలవాటు.
రెండోది ఎక్కడా తగలకుండా రాలిపోతుంది.

నిన్న టీ బండి దగ్గర దేవసహాయం అడిగాడు:
"బస్తాకి రెండు రూపాయలు పెంచమని
మూడేళ్లుగా నొక్కతానే ఉన్నాం గదా అమ్మాయ్,
దానికి అవతలెవరైనా కోడు రాసిపెట్టారంటావా?"

గ్లాసు అడుగున టీపొడి చూస్తూ నిలబడ్డాను.
నా నోట్లోంచి కూడా
ఊఁ రాలేదు.