సాయంత్రానికి వెనక్కి వెళ్ళే బండి

నొగాలెస్ అనే ఊరు రెండుసార్లు ఉంది.
మధ్యలో ఇనప కంచె.
అటు నొగాలెస్‌లో నిద్రపోయి
ఇటు నొగాలెస్‌లో టమాటా పెట్టెలు లెక్కపెడతాను.
తెల్లవారుజామున ఐదింటికి
నా పసుపుపచ్చ బండి, మూడు సిలిండర్లది,
పద్దెనిమిది చక్రాల లారీల నడుమ
పెద్దవాళ్ళ బంతిలో కూర్చోబెట్టిన చంటిదానిలా
తన వంతు కోసం చూస్తుంటుంది.

గోదాములో డెల్బర్ట్‌కి ఆ బండంటే మోజు.
అరవై ఒకటో ఏడు. రెండు మోకాళ్ళూ అరిగాయి.
తన పికప్ ఎక్కాలంటే
తలుపు పట్టుకుని దేవుణ్ణి ఒకసారి తిట్టుకోవాలి,
దిగాలంటే రెండుసార్లు.
నా బండిలో కూర్చోవడమంటే
కుర్చీలో కూర్చోవడమే.
"ఓబ్దూలియా, ఇది ఎక్కడ దొరుకుతుంది?"
"మా వైపు."
"మా వైపు ఎందుకు దొరకదు?"

ఆ ప్రశ్న పట్టుకుని ఆదివారం షోరూముకి వెళ్ళాను.
ఎఫ్రెన్ టై సర్దుకున్నాడు,
చిన్నప్పుడు మా పెరట్లో జామకాయలు దొంగిలించినవాడు.
"అటు అమ్మాలంటే
కొత్త బండ్లని గోడకేసి కొట్టి చూపించాలి.
ఒకటీ రెండూ కాదు.
పెద్ద బండికైనా చిన్న బండికైనా గోడ అదే.
పెద్దదాని ధరలో ఆ ఖర్చు ఉప్పులా కలిసిపోతుంది,
చిన్నదాని లాభాన్ని గోడే తినేస్తుంది.
పైగా అక్కడ పెట్రోలు చవక, రోడ్లు వెడల్పు.
చిన్నది అడిగేవాళ్ళు ఎంతమంది?"
"ఒకడున్నాడు" అన్నాను.
"ఒకడి కోసం ఓడ కదలదు."
"మరి మన వైపు గోడలు లేవా?"
"ఉన్నాయి. కాస్త మెత్తనివి."
నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు.

ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను.
రుటీలియో దక్షిణాన ఫ్యాక్టరీలో తలుపులు బిగిస్తాడు.
చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడి
అప్పుడు చెప్పాడు:
"ఉత్తరానికి పోయే తలుపులో
ఒక ఉక్కు కడ్డీ ఎక్కువ, అక్కా.
రంగు పడ్డాక ఏది ఎవరిదో ఎవరికీ తెలియదు."
కాసేపు ఊరుకున్నాడు.
"బరువు చూసి నా చేతులకి తెలుస్తుంది."
నా బండి ఏ షిఫ్టులో తయారైందో
నేను అడగలేదు, వాడూ చెప్పలేదు.

సోమవారం ఇదంతా డెల్బర్ట్‌కి చెప్పాను,
కడ్డీ సంగతి తప్ప.
విని, పెట్టె అట్ట మీద పెన్సిలుతో లెక్క వేశాడు.
వాళ్ళ దేశంలో ఒక రూలుంది:
పుట్టి ఇరవై ఐదేళ్ళు నిండితే
ఏ దేశపు బండైనా లోపలికి వచ్చి ఉండిపోవచ్చు.
ముసలి బండిని ఎవరూ గోడకేసి కొట్టరు.
"నీదానికి ఇప్పుడు ఏడేళ్ళు. ఇంకా పద్దెనిమిది.
అప్పటికి నాకు డెబ్బై తొమ్మిది."
అట్ట చింపి నా చేతిలో పెట్టాడు, రసీదులా.
"నాకే అమ్మాలి. మాట."

వింత ఏమిటంటే
ఉండిపోవడానికి నాకు కాగితాలున్నాయి, అద్దెకి డబ్బు లేదు.
బండికి అద్దె అక్కర్లేదు, కాగితాలు లేవు.
ఇద్దరం చీకటి పడేలోపు ఇంటికి.

భోజనాల వేళ తాళాలు విసిరాను.
"ఆవరణ దాటకు" అన్నాను.
చెక్క పలకల గుట్టల చుట్టూ,
నలిగిన టమాటాల మీదుగా,
మూడు చుట్లు తిప్పాడు, రెండో గేరు దాటకుండా.
దిగేటప్పుడు దేవుడి ఊసే ఎత్తలేదు.

సాయంత్రం వంతెన మీద వరస కదలడం లేదు.
ముందు ఒక పికప్, వెనక ఒక పికప్,
మధ్యలో మేము.
అట్ట ముక్క డాష్‌బోర్డు అరలో పడేశాను.
కిటికీ దించి ఉంది, గాలి చల్లగా ఉంది.
రోజూలాగే మోచెయ్యి తలుపుకి ఆనించి కూర్చున్నాను.

కాసేపటికి
మోచెయ్యి లోపలికి తీసుకున్నాను.