నగినోళ్లలో నేనూ ఒకన్ని

ఆదోని పత్తి యార్డులో వేలం పాడేవాళ్ల గొంతులు వేరు,
మా గిడ్డయ్య గొంతు వేరు.
వాడు కాటా కాడ కూర్చుంటాడు,
తూకం చీటీ మీద రాస్తాడు.
అంకెలు రాసేదానికి నత్తి అడ్డం రాదు కదా.

నోరు తెరిస్తే మొదటి అక్షరం
గడప కాడ మొండికేసిన ఎద్దు.
తన పేరే అన్నిటికన్నా ఎత్తు గడప వానికి.
వాడు "ప్రెజెంట్" అనేలోగా
సారు ఇంకో ఇద్దర్ని పిలిచి దాటిపోయేవాడు.

మేం నగేటోళ్లం.
ఎదురుగానే నగేటోళ్లం, దాచుకొని కాదు.
రైలు గేటు కాడ, ఉగ్గాని బండి ముందర,
"సెల్ఫు పట్టుకోలే, తొయ్యండప్పా" అని
బజారి వాని వీపు మీద నిజంగానే తోసేవాడు.
ఆ తోపుకి మాట ఊడిపడేది,
చేతిలో మిరపకాయ బజ్జీ కూడా.
వాడు తిట్టేవాడు.
బూతు మాత్రం ఆముదం రాసినట్టు జారేది వాని నోట్లో,
దానికి ఇంకా నగేటోళ్లం, వాడూ నగేవాడు.
పడిన బజ్జీకి బదులు బజారే ఇంకోటి కొనిచ్చేవాడు.
మొరటే. కాదని ఎవరన్నారు?
కానీ ఆ మొరటుకి ఒక చెయ్యి ఉండె,
అది వాని వీపు మీద ఉండె.

తర్వాత ఫోన్లొచ్చినాయి.
'టెన్త్ సి సెక్షన్' అని ఖలందరు గ్రూపు కట్టినాడు.
అక్కడ గిడ్డయ్య మాట్లాడినాడు.
ఎంత మాట్లాడినాడంటే!
గులాబి రంగు పురుగు మీద, క్వింటా ధర మీద,
వాళ్లవ్వ చెప్పిన దయ్యం కథ
మూడు రాత్రులు, ఇంకా ఉంది అనుకుంటా.
ఇరవై ఏళ్లు గాట్లో కట్టేసిన మాటలు,
ఒక్కసారే తలుగు తెగినాది.
కామా యాడ పెట్టాల్నో కూడా తెలుసు వానికి.
రంగముని పెళ్లాం చదివి అడిగిందంట,
"ఈయప్ప ఎవరు, లెక్చరరా?" అని.

ఒక రాత్రి రాసినాడు:
"మా పాప ఉపన్యాసం పోటీలో ఫస్టు.
నా నోరు రాలేదు దానికి, దేవుని దయ."
కింద ఎవరో పెట్టినారు,
"కం కం కంగ్రాట్స్ గి గి గిడ్డయ్యా."
ఎవరో ఏంది. నేనే.

ఇరవై రెండు పచ్చ ముఖాలొచ్చినాయి,
కళ్లెంట నీళ్లు కారేట్టు నగేవి.
లెక్క పెట్టుకున్నా. అబద్ధమెందుకు,
ఖుషీగా పండుకున్నా.
తెల్లారి అందరిదీ అదే పాట:
గు గు గుడ్ మార్నింగ్. టీ టీ టీ తాగినావా.

గిడ్డయ్య ఒక బొటనవేలు పెట్టినాడు.
ఇంక అన్నిటికీ బొటనవేలే,
పెళ్లికి బొటనవేలు, చావుకి బొటనవేలు.
దయ్యం కథ బాయి గట్టు మీద ఆగిపాయె,
దిగిందో లేదో ఇప్పటికీ తెలీదు.
"ఏంరా, ఫీలయినావా?" అని గ్రూపులోనే అడిగితిమి.
అందరి ముందర అడిగితే ఎవరైనా ఏమంటారు?

యార్డు గేటు కాడ మాత్రం మామూలే,
తోస్తే మాట, మాట వెంట బూతు.
ఇంతకన్నా మోటువి పడినోడు కదా,
దీనికేంది, అని చానా రోజులు అనుకున్నా.
నాకు తట్టేసరికి పత్తి సీజను అయిపోయింది.
వానికి నత్తి లేని ఊరు భూమ్మీద ఒక్కటే ఉండె,
అరచెయ్యంత ఊరు.
నత్తిని టికెట్ కొని బస్సెక్కించి
అక్కడ దించి వచ్చింది నేను.

నిన్న రాత్రి వానికి ఒక్కనికే రాయబోయినా.
"గిడ్డయ్యా, ఆ పొద్దు" అని కొట్టినా, చెరిపినా.
"తప్పు" అని కొట్టినా, చెరిపినా.
"దయ్యం ఏమాయె రా" అని కొట్టి, అదీ చెరిపినా.
పదకొండున్నర దాకా
నా వేలు గడప దాటలే.

అప్పుడు వాని నుంచే వచ్చింది:
"అర్ధగంట నుంచి చూస్తాండా.
టైపింగ్, టైపింగ్ అని వస్తాంది, పోతాంది.
ఏం రా, నీకూ ప ప పట్టుకున్యాదా?
నిదానంగా చెప్పు. నేను ఆగుతా."

నగు వచ్చింది.
నగొచ్చునో లేదో తెలీలేదు.
బొటనవేలు పెట్టబోయి,
పెట్టకుండా,
వేలు పైకెత్తుకొని అట్నే కూర్చున్నా.