తువ్వాలు కింద బేరం

దామలచెరువు మండీలో తూకాలు రాసేవాణ్ణి.
జూన్ నెల. తోతాపురి బండ్లు
రోడ్డు దాకా బారుతీరిన రాత్రి
ఎడమ డొక్కలో ఎవరో
గుణపం దించి తిప్పినారు.

పద్దు పుస్తకం మీదనే వాంతి.
చెంగల్రాయులు ఆటోలో యేసుకోని
తిరపతికి తీసకపోతా ఉంటే
చంద్రగిరి దాటేదాకా
గతుక్కొక దేవుడికి మొక్కినా.
నిలబడలేను, కూర్చోలేను, పండుకుంటే ఇంకా ఘోరం.
ఆటోలో మనిషికి నాలుగో దోవ లేదు.

సూది పడినాక లోకం కొంచెం వెనక్కి జరిగింది.
స్కానింగులో తెల్లటి చుక్క.
‘ఏడు మిల్లీమీటర్లు. నాళం మధ్యలో ఇరుక్కోనుంది’
అనింది డాక్టర్ పరిమళ.
‘రేప్పొద్దున్నే సన్న గొట్టం పంపించి
లేజరుతో పొడి చేసేయొచ్చు.
లేదా మాత్రలేసుకోని నాలుగు వారాలు చూడొచ్చు,
దానంతట అది పడిపోనూ వచ్చు.
ఈ సైజుకి నేను మాటివ్వలేను.’

నాలుగు వారాలంటే
గుజ్జు ఫ్యాక్టరీలు గేట్లు మూసేస్తాయి.
ఏడాది బియ్యం ఈ నెల కూలీలోనే ఉండాది.

నా చెయ్యి దుప్పటి కిందికి పోయింది.
మండీలో ధర నోటితో చెప్పం మేము,
తువ్వాలు కప్పి వేళ్ళు పట్టుకుంటాం.
నాలుగు వేళ్ళు చాపినా.
అవతల చెయ్యి ఎవరిదో తెలీలా,
ఒక్క వేలు మటుకు గట్టిగా నొక్కింది.

‘కొన్నాళ్ళు మాగనిస్తే మెత్తబడదా మేడం?’
ఆమె నవ్వలా.
‘కాయ మాగుతుంది. రాయి మాగదు.
దాని వెనకాల కిడ్నీ ఉబ్బుతా ఉంది.
జ్వరం గానీ వచ్చిందా,
రాయి సంగతి తర్వాత, ముందు చీము దించాల.
ఆ రోజు నీకూ నాకూ బేరం ఉండదు.’

చంకలో థర్మామీటరు పెట్టుకోని
మేస్త్రీ దొరసామిని తలుచుకున్నా.
పోయినేడు నొప్పి తగ్గింది గదా అని
గంపలు మోస్తానే ఉన్నాడు.
రాయి పోయిందనుకున్నాడు.
పోయింది కిడ్నీ.

తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు.
జ్వరం లేదు.
‘రేపే చెయ్యండి’ అన్నా,
ఆ మాట దుప్పటి బయటికి వచ్చి అన్నా.

మత్తు దిగేసరికి సాయంత్రం.
లోపల ఒక గొట్టం వదిలినారంట, రెండు వారాలకు తీస్తారంట.
ఒంటేలుకు పోయినప్పుడల్లా
కమీషను అడిగే దళారిలా చురుక్కుమంటాది.
అయినా సరే, ఈ నొప్పికి గడువుంది.

ఐదోనాడు మండీకొచ్చి
సీసాలో ఇచ్చిన చిటికెడు పొడిని
కాటా మీద పెట్టినా.
మూడు వందల కిలోలు తూచే కాటా,
ముల్లు కదల్లేదు.
‘తరుగు పోనూ ఎంతప్పా?’ అన్నాడు చెంగల్రాయులు.

నవ్వితే కుట్టినట్టయింది.
చెంబు ఎత్తి గటగటా తాగి
తర్వాతి బండిని రమ్మన్నా.