ఎవరి కోడి

ఆల్బరీ స్టేషన్ ప్లాట్‌ఫారం
ఊరికి మించిన పొడవు.
ఈ చివర నిలబడితే ఆ చివరి దీపం చుక్కంత.
ఎందుకింత అంటే పక్కింటి నోరీన్ పాస్కో నవ్వింది:
"మా నాన్న మోసిన పెట్టెలు వరసగా పేరిస్తే
ఇది కూడా చాలదు."

అటు విక్టోరియా పట్టాలు, ఇటు న్యూ సౌత్ వేల్స్ పట్టాలు.
తేడా ఆరున్నర అంగుళాలు.
జానెడు కూడా లేని ఆ తేడాకి
తెల్లవారుజామున రైలుకి రైలే దిగి
దుప్పట్లు కప్పిన పిల్లల్నీ టోపీ పెట్టెల్నీ మోసుకుని
ఈ అంచు నుంచి ఆ అంచుకి నడిచి
ఇంకో రైలెక్కేదట.
ముప్ఫై ఏళ్ళలో ఆవిడ నాన్న చేసిన ప్రయాణమంతా
ఆ కాసిని అడుగులే.

నేను మర్రే నది నీటిమట్టం చూస్తాను.
నేనంటే, నేను రాసిన ప్రోగ్రాం.
సెన్సర్ల లైబ్రరీ ఫెర్గస్‌ది,
హోబార్ట్‌లో కూర్చుని ఒక రన్‌టైమ్‌ని నమ్ముకుని రాశాడు.
మా సర్వర్ నమ్ముకున్నది ఇంకోదాన్ని.
రెండూ అసింక్రొనస్సే. ఓనమాలు ఒక్కచోటే దిద్దుకున్నాయి.
రెండింట్లోనూ పనులు
"నీళ్ళొచ్చాక లేపండి" అని చెప్పి పడుకుంటాయి.

లేపేదెవరన్నదే పేచీ.

తన కోడీ కుంపటీ లేకపోతే
ఊరికి తెల్లారదనుకున్న అవ్వ ఉందే,
ప్రతి రన్‌టైమూ ఆ అవ్వే.
దాని టైమర్ దానిది, దాని నిప్పు దానిది.
ఈ ఇంట పడుకున్న పనిని
ఆ ఇంటి కోడి లేపదు.

మొదటిసారి నడిపితే కేక పెట్టి చచ్చింది:
ఇక్కడ రియాక్టర్ ఏదీ నడవడం లేదు, అని.
కేకలు పెట్టే తప్పు మంచిది.
నేను దాని నోరు మూయించాను.
ఉన్న ఒకే ఒక్క థ్రెడ్‌లో
పని అయ్యేదాకా ఆగు అని ఒక్క మాట రాశాను.
అంటే
ఉన్న ఒక్క కావలివాణ్ణీ గుమ్మంలో కూర్చోబెట్టి
కావలివాడొచ్చేదాకా కదలకు అన్నాను.

కదల్లేదు పాపం.
అక్టోబరు రాత్రి, రెండూ నలభై.
నది లేచింది, ప్రోగ్రాం లేవలేదు.
లాగ్‌లో తప్పు లేదు, ఒప్పూ లేదు,
రెండూ నలభై తర్వాత గీత కూడా లేదు.
కారవాన్ పార్కులో రెండు బళ్ళలోకి నీళ్ళు.
మనుషులకేం కాలేదు.
ఒక ముసలాయన ఎకార్డియన్ మాత్రం
ఎండలో ఆరేశారు, ఆరాక పలకలేదు.
వెళ్ళి చూశాను. నేనెవరో చెప్పలేదు.

ఫెర్గస్ ఫోన్‌లో అన్నాడు,
"అందరం ఒకే రన్‌టైమ్‌కి మారిపోతే పోలా?"
ఒకే అంటే అతనిది.
నేనూ సరే అన్నాను, ఒకే అంటే నాదనుకుని.
ఎద్దు ఎండకీ దున్న నీడకీ
అరగంట లాగాక
ఫోన్‌లో చార్జి అయిపోయింది.

చివరికి అతని రన్‌టైమ్‌కి వేరే థ్రెడ్డు, వేరే కాపురం.
నడుమ ఒక ఛానెల్.
ఇటు విలువ దించు, అటు ఎక్కించు.
కాస్త ఆలస్యం, కాస్త మెమరీ,
నలభై లైన్లు, ఒక్కటీ అందంగా లేదు.
పైన కామెంటు రాశాను:
ఇక్కడ దిగి బండి మారాలి.

నోరీన్‌కి చెబితే
అర్థమైందో లేదో, టీ పోస్తూ అంది:
అరవై రెండులో ఒకే గేజ్ వచ్చాక
నాన్న అలవాటు కొద్దీ
తెల్లవారుజామునే టోపీ పెట్టుకుని వెళ్ళాడట.
రైలు ఆగింది.
ఎవరూ దిగలేదు.
అద్దాల వెనక అందరూ నిద్రపోతున్నారు.
రైలు కదిలేదాకా
ఆయన అలా చూస్తూనే నిలబడ్డాడట,
ఎవర్నీ లేపక్కర్లేక.