రెండడుగుల గేటు

పచ్చ అక్షరాలొస్తే తలుచుకోవాలి,
ఎర్ర అక్షరాలొస్తే తలుచుకోవద్దు.
అంతే ఆట, అంది తస్నీమ్ డాక్టరమ్మ.
తల చుట్టూ గుండ్రటి యంత్రం
పాడైన పెళ్లి బ్యాండులా మోగుతోంది.
కదలొద్దు. ఉమ్ము కూడా మెల్లగా మింగాలట.

ముందురోజే జంటలు నేర్పించారు:
తాళం, నిమ్మకాయ.
దువ్వెన, రైలు.
గొడుగు, చెప్పు.
చెప్పంటే కాలిదా నోటిదా అనడిగితే
నవ్వింది, మీ ఇష్టం అంది.
వాళ్లు కావాలని పెట్టింది కాదు.
వాళ్లకేం తెలుసు?

"గొడుగు" ఎర్రగా వచ్చింది.

తలుచుకోలేదు.
చూపు తిప్పుకోకుండా, వేరే మాట వెతుక్కోకుండా
దాని వెనక ఉన్నదాన్ని గుమ్మంలోనే ఆపాను.
నాకిది కొత్త కాదు డాక్టరమ్మా,
నాలుగేళ్లుగా ఇదే డ్యూటీ.
అంబర్‌పేట నుంచి మలక్‌పేటకు
మూసారాంబాగ్ వంతెన మీంచి పోను.
"చాదర్‌ఘాట్ దిక్కెళ్తే దూరమైతదక్కా" అంటాడు ఆటో అబ్బాయి.
కానీ, అంటాను.
నలభై రూపాయలు ఎక్కువిచ్చి
ఏ పూటకాపూట కొనుక్కునే మరుపు.

తర్వాత తెర మీద నా మెదడు చూపించింది.
అడ్డంగా కోసిన గోబీపువ్వు.
"నుదుటి వెనక, కుడిపక్క, ఇక్కడ పని జరుగుతోంది.
లోపల గుర్తులు లేచే చోటు సద్దుమణిగింది.
దాని పక్కన బాదంగింజంత భయం, అదీ."

నాకు గండిపేట కనిపించింది.
వానాకాలం టీవీలో అడుగున పరుగెత్తే అక్షరాలు:
రెండు గేట్లు రెండడుగులు ఎత్తారు.
పైన ఎవడో నిద్ర మానుకొని కాపలా కాస్తేనే
కింద మేం కంచం ముందు కూర్చుంటాం.
అయితే నా నుదుటి వెనకా ఒకడున్నాడన్నమాట,
జీతం లేదు, సెలవు లేదు.
రాత్రి మూడింటికి మాత్రం కునుకు తీస్తాడు.
అప్పుడొస్తాయి నీళ్లు.

"ఒక చిక్కుంది," అంది తస్నీమ్.
"ఒక్క దీపం ఆర్పాలని
గల్లీ మొత్తం కరెంటు తీస్తుంది మెదడు.
పక్కిళ్లూ చీకట్లో పోతాయి."

ఓహో.
ఆ ఏడు బతుకమ్మకు ఏ చీర కట్టానో
అందుకా గుర్తులేదు.
మా కిష్టుగాడి గొంతు, పన్నెండేళ్లకే పగులుతున్న గొంతు,
అందుకా పోయింది.
ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచితే
ఎంత లెక్కబెట్టేదాకా ఇరగదో చెప్పక్కా, అని అడిగేవాడు.
ప్రశ్న ఉంది. అడిగిన గొంతు లేదు.

రెండోరోజు మళ్లీ గొడుగు, మళ్లీ ఎరుపు.
వాళ్ల లెక్క చెడితే చెడనీ.
పైన కూర్చున్నవాడి భుజం మీద చెయ్యేసి
రెండడుగులు, అన్నాను. అంతకు మించొద్దు.

నీళ్లు. నడుంలోతు, డీజిల్ వాసన.
మూతలేని మ్యాన్‌హోల్ మీద మామూలు నీళ్లలాగే నీళ్లు.
గొడుగు వాడి చేతిలో. వాడి చెయ్యి నా చేతిలో
తడి సబ్బు.
నీలం చెప్పొకటి తేలొచ్చి నా మోకాలికి తగిలింది.

దాని వెనకే, ఎవరూ పిలవకుండా,
"ఐదు" అన్నాడు.
"ఐదు లెక్కబెట్టేసరికి ఇరుగుతదక్కా."
సగం పిల్లగాడి గొంతు, సగం మగవాడిది.

మైకులో తస్నీమ్: "కదిలారు మీరు. బొమ్మ చెదిరింది.
ఇంకోసారి తీయాలి."

తియ్యండమ్మా.
ఒక్క నిమిషం ఆగి తియ్యండి.