డెబ్బై రెండు డిగ్రీల కాడ

మిర్యాలగూడ దాటినంక బాయిల్డ్ రైస్ మిల్లు,
వడ్లు నానేసే తొట్టి కింద మోరీ.
ఆవిరి నిండ పులిసిన తౌడు వాసన.
"గీ నీళ్లల్ల ఏం బతుకుతది మేడమ్,
చెయ్యి పెడితే తోలు ఊడొస్తది" అన్నడు
బాయిలర్ జానయ్య.
థర్మామీటర్ డెబ్బై రెండు మీద ఆగింది.
చెంచాడు బురద సీసాలకు ఎత్తుకున్న.

మూడు దినాలైనంక, నల్లగొండల, మా కాలేజీ ల్యాబుల
గంజి కలిపి గడ్డకట్టించిన పళ్లెం మీద
అయోడిన్ ఒంపితే అంతా కారునీలం,
ఒక్క చోట తప్ప.
అక్కడ రూపాయి బిళ్లంత తేట.
ఎవరో గంజి తాగి మూతి తుడుచుకున్నరు.

పొద్దున ఉడకబెట్టిన గుడ్డు యాదికొచ్చింది.
అదీ ప్రొటీనే.
అరవై దాటంగనే మడతలు విప్పుకొని
ఒకదాంట్ల ఒకటి చిక్కుపడి
తెల్లగ బిగుసుకపోతది, మళ్లెన్నడూ నీరు కాదు.

ఈ ఎంజైముకేమో వేరే మట్టి లేదు,
గుడ్డుల ఉన్న ఇరవై తీర్ల పూసలే.
సంగతంత కట్టుడుల ఉన్నది:
వేలాడే మలుపులు కురచ,
నీళ్లంటే గిట్టని ముక్కలు లోపలికి జరిగి
దేవరకొండ కోటగోడ రాళ్లోలె, సందు లేకుండ;
పైన ప్లస్సు, మైనస్సు
ఎదురుబొదురు చేతులు పట్టుకొని.
ఒక్క పట్టూ గట్టిది కాదు, నిజం చెప్పాలంటే.
దేనికదే పుటుక్కున తెగేదే.

ఏసీ రూముల పెట్టి చూసిన, ఇరవై అయిదు కాడ.
గంజి గంజి లెక్కనే ఉన్నది.
సచ్చిందనుకొని పారబోయబోయిన.
ఉడుకు నీళ్లల్ల దించినంక
పావుగంటకు కదిలింది పని.
అంత బిగువు సడలాలంటే
దానికి ఆ మంటే కావాలె కావచ్చు.

మే నెలల మళ్లొకపారి పోయిన.
బయట నలభై ఆరు,
బాయిలర్ ముంగట జానయ్య, బనీను మీద
ఉప్పు చారలు ఎండి అట్టకట్టి.
చెప్పిన: "ఇగ తొంభై అయిదుకు పెట్టి
ఎంతసేపు ఆగుతదో చూడాలె."

ఊక ఎగదోసుడు ఆపిండు.
"ఎందుకు మేడమ్,
ఆగినకాడికి చాలదా?"

రికార్డు బుక్కుల
'అర్ధాయువు, నిమిషాల్లో' అనే గడి
ఇంకా నింపలే.